గానుగ సున్నము నుండి నానో రేణువు వరకు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



ఇల్లు కట్టించువాడు ఇటుకను చేతితో తట్టి చూచును. దూలమును కొలిచి కొనును. గడప నిలుపుటకు ముహూర్తము పెట్టించును. కాని ఇటుకకును ఇటుకకును నడుమనుండు అరంగుళపు సందును గూర్చి యోచించువారు అరుదు. ఆ సందును నింపుదానిని తాపీ మేస్త్రీలు మాలు అందురు. పెద్దలు గార యందురు. ఇటుక యెంత గట్టిదైనను గార బలహీనమైనచో గోడ బీటలు వారును; గారలో రంధ్రము లెక్కువైనచో వాన నీరు గోడ లోపలికి దిగును. సామాన్య గృహస్థుడు జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము ఆ యరంగుళపు సందు మీద నిలిచి యున్నదనిన అతిశయోక్తి కాదు.

ఇప్పు డా గారలోనికి నానో పదార్థములను క్రొత్త వస్తువులు ప్రవేశించుచున్నవి. 2021లో నానో యూరియా సీసాలు అంగళ్ళకు వచ్చినది మొదలు ఈ మాట రైతులకు క్రొత్తది కాదు. రంగు డబ్బాల మీదను, చెమ్మ నాపు మందుల మీదను గూడ నేడది కనబడుచున్నది. ఆ మాటకు అర్థమేమి? అది గారను నిజముగా బాగుచేయునా? చేసినచో ఆ మేలు ఎవరికి, ఏ షరతు మీద కలుగును? ఇవి పల్లెలో ఇల్లు కట్టు ప్రతివానికిని సంబంధించిన ప్రశ్నలు.

పూర్వుల గానుగ

సున్నపు రాతిని బట్టీలో 900 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతపు వేడిలో కాల్చినచో, 100 కిలోల శుద్ధమైన రాతినుండి 44 కిలోల బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, పైకి పోయి 56 కిలోల కాల్చిన సున్నము మిగులును. దానిపై నీరు చల్లగా పొగలు గ్రక్కుచు విరిసి పిండి యగును. ఆ పిండితో గోడ కట్టిన పిదప అది గాలిలోని యా వాయువునే మెల్లమెల్లగా పీల్చుకొని మరల రాయి యగును. రాయి పొడియై, పొడి తిరిగి రాయి యగు ఈ చక్రమే సున్నపు గార రహస్యము.

అయితే పూర్వులు ముఖ్యమైన కట్టడములకు విరిసిన సున్నమును ఉన్నదున్నట్లు వాడలేదు. గుండ్రముగా కట్టిన గానుగ కాలువలో సున్నమును, ఇసుకను, ఇటుక పొడిని పోసి, నీరు చల్లి, ఎద్దులు లాగు రాతి చక్రముతో గంటల తరబడి నూరించిరి. గానుగ సున్నమనియు, డంగు సున్నమనియు దానికే పేరు. కొన్ని చోట్ల బెల్లపు నీటిని, కరక్కాయ కషాయమును గూడ చేర్చిరి. 1591లో వెలసిన చార్మినారు సున్నపు గారతో నిలిచినదే. 1847లో ప్రారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టయు సున్నపు గారతో కట్టినదే. మరమ్మతులు జరుగుచు నుండగా అది శతాబ్దమునకు పైగా గోదావరి వరదలకు ఓర్చినది.

ఆ నూరుడులో రెండు మేళ్ళు గలవు. రేణువు మెత్తబడిన కొలదియు దాని ఉపరితలము పెరిగి, ఒకదానితో నొకటి కలియుటకు తావు హెచ్చును. ఇది మొదటిది. ఇటుక పొడిలోని సిలికా యను పదార్థము నీటి సమక్షమున సున్నముతో కలిసి, నీట కరగని జిగురుగా మారును. ఇది రెండవది. ఇటలీ దేశమున పొజ్జువోలి యను ఊరి దాపున దొరకు అగ్నిపర్వతపు బూడిదతో పూర్వము రోమనులు సాధించినదియు ఇదియే. ఆ యూరి పేరు మీదనే ఇట్టి పొడులన్నిటికిని పొజొలానా యను పేరు స్థిరపడినది. గానుగ త్రిప్పిన కూలివానికి రసాయన శాస్త్రము తెలియదు. మెత్తదనములో బలమున్నదని మాత్రము అతని చేతికి తెలియును.

సిమెంటు రాక

1824లో ఇంగ్లండునందలి లీడ్సు నగరమున తాపీ పనివాడగు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్టులాండు సిమెంటునకు పేటెంటు పొందెను. భారతదేశమున 1914లో పోరుబందరునందు సిమెంటు ఉత్పత్తి వేరూనినది. సున్నపు గార గట్టిపడుటకు నెలలు పట్టగా, సిమెంటు గార కొన్ని గంటలలో బిగిసి, 28 దినములలో తన బలములో పెద్ద భాగమును పొందును. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరము రాతి కట్టడపు ఆనకట్టలలో ప్రపంచ ప్రసిద్ధి గాంచినది. అంతటి కట్టడమునకు కావలసిన వేగమును, బలమును సిమెంటు గార సమకూర్చినది.

సిమెంటు రేణువు సామాన్యముగా మిల్లీమీటరులో నూరవ వంతు, లేక ఏబదవ వంతు పరిమాణము గలది. నీరు తగులగానే దానిలో మార్పు కలిగి ముఖ్యముగా రెండు పదార్థములు పుట్టును. ఒకటి కాల్షియము, సిలికా, నీరు కూడి యేర్పడు జిగురు. గారకు బలమిచ్చున దిదియే. రెండవది విరిసిన సున్నము. గట్టిపడిన సిమెంటు ముద్దలో ఇది ఐదవ వంతు నుండి నాలుగవ వంతు వరకు నుండును. ఈ సున్నము బలమునకు తోడ్పడునది స్వల్పము. నీరు తగిలినచో కరిగి బయటికి వచ్చి గోడపై తెల్లని చారలుగా కనబడును.

సిమెంటు చేసిన ఉపకారమునకు మూల్యము గూడ గలదు. సున్నపు రాతిని కాల్చునప్పుడు రాతిలోని వాయువును, కొలిమికి వాడిన బొగ్గు వాయువును కలిసి ఆకాశమున కెగయును. ప్రపంచమున మానవ కార్యముల వలన వెలువడు బొగ్గుపులుసు వాయువులో సుమారు 7, 8 శాతము సిమెంటు పరిశ్రమ వలననే వచ్చుచున్నదని లెక్క. సిమెంటు ఉత్పత్తిలో చైనా తరువాతి స్థానము భారతదేశమునదే. పల్నాడు, నల్లగొండ, కడప ప్రాంతముల సున్నపు రాతి గనులు ఈ పరిశ్రమకు ఆధారములు. త్రవ్విన కొండ తిరిగి పెరుగదు. కావున అంతే బలము గల గోడను తక్కువ సిమెంటుతో కట్టుట యెట్లు అన్నదే నేటి సమస్య.

నానో యనగా నెంత?

గ్రీకు భాషలో మరుగుజ్జు అను నర్థము గల మాటనుండి నానో పదము వచ్చినది. మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అందొక భాగము ఒక నానోమీటరు. తల వెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లుండును. 1 నుండి 100 నానోమీటర్ల వరకు గల రేణువులను నానో రేణువులని శాస్త్రజ్ఞులు వ్యవహరింతురు. అణువుల మట్టమున పదార్థమును మలచుకొన వచ్చునని 1959లో అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ఉపన్యాసమున సూచించెను. నానో టెక్నాలజీ యను పేరును 1974లో జపాను దేశీయుడు నోరియో తానిగుచి వాడెను.

చిన్నదగుటవలన నేమి లాభము? ప్రక్కకు ఒక సెంటీమీటరున్న పాచికను తీసికొన్నచో దాని యారు ముఖముల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. దానినే ప్రక్కకు ఒక నానోమీటరుండు పాచికలుగా కోయగలిగినచో వాని ముఖముల వైశాల్య మంతయు కలిసి 6,000 చదరపు మీటర్లగును. అనగా సుమారు ఎకరమున్నర నేల! పదార్థము అదియే, బరువు అదియే. రసాయన క్రియ జరుగుటకు దొరకిన చోటు మాత్రము కోటి రెట్లయినది. గానుగ చక్రము గంటల తరబడి తిరిగి సాధింపజూచినది ఈ మెత్తదనమునే.

నానో సిలికా చేయు పని

గారకు చేర్చు నానో పదార్థములలో ముఖ్యమైనది నానో సిలికా. ఇసుకలో నుండునదియు సిలికాయే. కాని ఇసుకలోని సిలికా స్ఫటికరూపమున కదలక మెదలక యుండును. నానో సిలికా స్ఫటికము కానిది, మిక్కిలి చురుకైనది. గ్రాము సిమెంటు ఉపరితలము చదరపు మీటరులో మూడవ వంతు ప్రాంతమున నుండగా, గ్రాము నానో సిలికాకు నూరు మొదలు మూడువందల చదరపు మీటర్ల ఉపరితలము సామాన్యము. ప్రయోగములలో సిమెంటు బరువులో 1 నుండి 3 శాతము వరకు దీనిని వాడుచున్నారు. 50 కిలోల బస్తాకు అది అరకిలో మొదలు కిలోన్నర వరకు నగును.

అది గారలో మూడు పనులు చేయును. మొదటిది విత్తనపు పని. సిమెంటు జిగురు ఎక్కడనో ఒకచోట మొలకెత్తవలెను. కోట్లకొలది నానో రేణువులు దానికి నారుమడి వంటివి. అందుచేత గార త్వరగా బిగియును. రెండవది మార్పిడి పని. పైన చెప్పిన పనికిమాలిన సున్నమును పట్టుకొని, నానో సిలికా దానిని గూడ జిగురుగా మార్చును. ఇటుక పొడి చేయుచుండిన పనియే ఇది. వేగము మాత్రము హెచ్చు. మూడవది పూరించు పని. గంపలో కొబ్బరికాయలు పోసి, వాని సందులలో నిమ్మకాయలు వేసి, ఆ సందులలో ఆవాలు పోసినట్లు, ఇసుకకు సిమెంటు, సిమెంటుకు నానో రేణువు సందులు పూరించును. ముఖ్యముగా ఇసుక రేణువు చుట్టు నుండు పలుచని బలహీనపు పొర దీనివలన గట్టిపడును. నీరు దూరు దారులు తగ్గును.

పర్యావరణమునకు కలుగు అసలు మేలు మరియొక త్రోవన వచ్చును. థర్మల్ విద్యుత్కేంద్రములలో బొగ్గు కాల్చగా మిగులు మెత్తని బూడిద మంచి పొజొలానా. పొజొలానా సిమెంటులో ఈ బూడిదను 15 నుండి 35 శాతము వరకు చేర్చుటకు భారతీయ ప్రమాణము అనుమతించుచున్నది. బూడిద యెక్కువైన సిమెంటు చివరకు మంచి బలమును పొందును గాని, మొదటి దినములలో మందగించును. కొద్దిపాటి నానో సిలికా ఆ మందగొడితనమును తీర్చును. కాబట్టి బూడిద పాలు పెంచి, క్లింకరు పాలు తగ్గించుటకు అవకాశము కలుగును. ఈ విషయమై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మొదలగు జాతీయ సంస్థలు పరిశోధనలు చేసియున్నవి. 2023లో, కాల్చిన బంకమట్టిని, సున్నపు రాతి పొడిని కలిపిన సిమెంటునకు గూడ భారతీయ ప్రమాణము వెలువడినది. ఇటుక పొడి మరియొక వేషమున తిరిగి వచ్చినదని చెప్పవచ్చును.

ఇటలీ దేశపు రెండు దృష్టాంతములు

1972లో జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండా యనువారు టైటానియము డయాక్సైడు వెలుతురు సోకినపుడు చూపు రసాయన శక్తిని ప్రకటించిరి. ఈ తెల్లని పొడి యొక్క సూక్ష్మ రేణువులను కలిపిన సిమెంటు, ఎండ తగిలినపుడు తనపై పేరుకొన్న సేంద్రియ మలినమును విచ్ఛిన్నము చేయును. 2003లో రోము నగరమున వాస్తుశిల్పి రిచర్డ్ మైయరు రూపకల్పనతో ప్రారంభమైన తెల్లని చర్చి ఇట్టి సిమెంటుతో కట్టబడినది.

రెండవది ప్రాచీన సంపదను కాపాడిన కథ. 1966 నవంబరులో ఫ్లారెన్సు నగరమును ఆర్నో నది వరద ముంచెత్తి, గోడల మీది ప్రాచీన చిత్రములను పాడుచేసినది. ఆ పిమ్మట ఆ నగర విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రజ్ఞులు చిత్ర రక్షణకు పూనుకొని, కాలక్రమమున సున్నమునే నానో రేణువులుగా చేసి, ఆల్కహాలులో తేల్చి, పొడి రాలుచున్న గారలోనికి ఇంకింప నేర్చిరి. ఆ సున్నము లోపల గాలిని పీల్చి రాయియై, గోడను తిరిగి గట్టిపరచును. సున్నపు గోడకు సున్నమే మందైనది. ప్రాచీన దేవాలయములపై సిమెంటు పూసి, లోపలి చెమ్మకు దారి లేకుండ చేయువారు గమనింపదగిన పాఠమిది.

జాగ్రత్తలు

మేలును చెప్పి కీడును దాచుట శాస్త్రము కాదు. నానో రేణువులు ఒకదాని నొకటి అంటుకొని గుత్తులు గట్టును. పొడిని మాలులో చల్లి పారతో తిరుగవేసినంత మాత్రమున అది విడిపోదు. గుత్తి కట్టిన పిదప అది పేరునకే నానో. కావుననే దానిని ముందుగా నీటిలో బాగుగా తేల్చిన ద్రవ రూపమున వాడుట మేలు. రెండవది, అంత ఉపరితలము గల పొడి నీటిని మిక్కుటముగా త్రాగును. మాలు బిరుసెక్కును. అప్పుడు కూలివాడు బిందెడు నీరు కుమ్మరించినచో వచ్చిన లాభమంతయు ఆ నీటితోనే కొట్టుకొనిపోవును. మూడవది, మోతాదు మించినచో గార ముడుచుకొని బీటలు వారును. నాలుగవది, ఊపిరి తిత్తులలోనికి పోగల యే పొడియైనను అపాయకరమే. సిలికోసిస్ వ్యాధిని కలిగించునది ముఖ్యముగా రాతి పొడిలోని స్ఫటిక సిలికా. నానో సిలికా అట్టిది కాకపోయినను ముక్కునకు గుడ్డ, మాస్కు లేక పని చేయించుట తగదు. తక్కువ ఖర్చున గోడ లేపవలెనని కూలివాని ఊపిరిని ఖర్చుచేయుట న్యాయము కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. నానో సిలికాను తయారుచేయుటకును ఇంధనము కావలెను. దాని వెల సిమెంటు వెలకంటె ఎన్నో రెట్లు. సిమెంటు బస్తాలు ఎప్పటివలెనే వాడి, పైన నానో సీసా యొకటి పోసినచో కొండకు గాని, గాలికి గాని, గృహస్థునకు గాని మేలు లేదు. సిమెంటు తగ్గినప్పుడు, లేక గోడ ఆయుర్దాయము పెరిగినప్పుడు మాత్రమే అది సార్థకము. నానో యని వ్రాసిన డబ్బాను అమ్మవచ్చినవానిని అందులోని పదార్థమేమి, ఎంత శాతము కలుపవలెను, దానివలన ఎంత సిమెంటు మిగులును, పరీక్షా పత్రమేది యని నాలుగు ప్రశ్నలడుగవలెను. జవాబు రానిచో డబ్బు సంచిలోనే యుండుట మంచిది.

ఊక బూడిద

ఈ విజ్ఞానమునకును వరి పండించు పల్లెకును ఒక చుట్టరికము గలదు. 100 కిలోల ధాన్యమును మరపట్టగా సుమారు 20 కిలోల ఊక వచ్చును. దానిని కాల్చగా 4 కిలోల ప్రాంతము బూడిద మిగులును. ఆ బూడిదలో 85 నుండి 95 శాతము వరకు సిలికాయే. వరి మొక్క నేలనుండి నీటితో పీల్చుకొన్న సిలికాను పొట్టులో దాచుకొనును. ఊకను 700 డిగ్రీలు మించని అదుపు గల వేడిలో కాల్చినచో ఈ సిలికా చురుకైన రూపమున నిలుచును. భారతదేశమున జన్మించి, అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన పి.కె. మెహతా 1970 దశాబ్దిలో ఊక బూడిదను సిమెంటుతో కలుపుటపై ప్రసిద్ధ పరిశోధనలు చేసెను. ఊక బూడిదనుండి నానో సిలికాను తీయు పద్ధతులును నేడు గలవు.

అట్లని మిల్లు వెనుక గుట్టగా పడియున్న నల్లని బూడిదను ఎత్తి మాలులో పోయరాదు. అందు కాలని బొగ్గు మిగిలి నీటిని పీల్చును. వేడి మించినచోట సిలికా స్ఫటికమై చురుకు కోల్పోవును. సరిగా కాల్చి, మెత్తగా నూరి, పరీక్షించిన బూడిదయే పనికివచ్చును. పంట ప్రాంతములలో అట్టి చిన్న పరిశ్రమలు వెలసినచో, నేడు గాలికెగిరి కండ్లలో పడుచున్న బూడిద రేపటి గోడలకు బలమగును.

గ్రామము నేడే చేయదగినది

నానో పదార్థము ప్రతి యూరి అంగడికిని వచ్చునంతవరకు చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. గారకు కలుగు నష్టములలో పెక్కు నిర్లక్ష్యము వలన కలుగునవే. సిమెంటు తనలో రసాయనికముగా కలుపుకొను నీరు దాని బరువులో నాలుగవ వంతుకు కొంచెము తక్కువ. పని సాగుటకు అంతకంటె ఎక్కువ నీరు తప్పదు గాని, అక్కరకు మించి పోసిన ప్రతి చెంబెడును ఆరిపోయి రంధ్రములను మిగుల్చును. ఇసుకను గాజు సీసాలో నీటితో కుదిపి కొన్ని గంటలు నిలువ నుంచినచో పైన తేరు ఒండ్రు పొర దాని శుభ్రతను చెప్పును. సిమెంటు మాలును నీరు కలిపిన రెండు గంటలలోపల వాడవలెనని భారతీయ ప్రమాణము. భోజనమునకు ముందు కలిపిన మాలును భోజనానంతరము మరల నీరు పోసి మెత్తపరచుట గోడకు ద్రోహము.

సిమెంటు హెచ్చైన కొలదియు గోడ మంచిదగునను నమ్మకము గూడ పొరపాటే. సామాన్యమైన ఇటుక గోడకు ఒక పాలు సిమెంటునకు ఆరు పాళ్ళ ఇసుక చాలును. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నము, ఆరు పాళ్ళ ఇసుక కలిపిన మిశ్రమ గార మృదువుగా సాగి, బీటలకు తక్కువగా లోనగును. ఇటుకలను ముందుగా తడిపి, కట్టిన గోడకు కనీసము ఏడు దినములు నీరు పట్టినచో సగము బలము ఆ నీటి వలననే వచ్చినట్లగును. వీనికి క్రొత్త సొమ్మేమియు అక్కరలేదు. శ్రద్ధ యొక్కటి చాలును. ఈ శ్రద్ధ లేనిచోట నానో రేణువు గూడ ఏమియు చేయజాలదు.

ఈ పనిలో గ్రంథాలయమునకును భాగము గలదు. భారతీయ ప్రమాణముల సంస్థ తన ప్రమాణ పత్రములను ప్రజల కుచితముగా అందజేయుచున్నది. రాతి, ఇటుక కట్టడపు గారలకు సంబంధించిన ప్రమాణము ఐ.ఎస్. 2250. దాని ప్రతి యొకటి గ్రంథాలయపు బల్లపై నుండి, చదువుకొన్న యువకుడొకడు సాయంకాలము దానిని తాపీ మేస్త్రీలకు తెలుగులో చదివి చెప్పినచో, మేస్త్రీలు తమ చేతి యనుభవమును అతనికి తిరిగి చెప్పుదురు. పుస్తకమును, తాపీయు అట్లు ఒకదాని కొకటి తోడైననాడు గ్రామమున రాబోవు ఇరువదియైదేండ్లలో లేచు ఇండ్లు తక్కువ సిమెంటుతో, ఎక్కువ కాలము నిలుచును. గానుగ చుట్టు తిరిగిన ఎద్దుల శ్రమకును, ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞుని శ్రమకును అప్పుడు తగిన ఫలము దక్కును.